కృష్ణానగర్ గిటారు... కోడంబాకం పెట్టె!

హైదరాబాదులో సినిమావాళ్ళు ఎక్కడుంటారని అడిగితే జూబ్లీహిల్స్ అనో, ఫిలింనగర్ అనో చెబుతాం. సినిమావాళ్ళు కావాలనుకునేవాళ్ళు ఎక్కడుంటారని అడిగితే మాత్రం ఒకటే జవాబు - కృష్ణానగర్! నమ్మకపోతే తెల్లవారకముందే ఇందిరానగర్ గడ్డ మీదికి వెళ్ళి చూడండి. టీ కొట్టు చుట్టూ పోలీసు క్రాపులవాళ్ళు, పెంచిన గడ్డాలవాళ్ళు, పెళ్ళివారింటి చుట్టాల్లా ముస్తాబై వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు, పేర్లు రాసుకునే ఏజెంట్లు... వ్యానులు వచ్చి గుంపులు గుంపులుగా ఎక్కించుకుపోతాయి. మిగిలిపోయినవాళ్ళు ఇంకో టీ తాగి, నిట్టూర్చి, గదులకి తిరిగిపోతారు.

అలాంటి గదుల్లో ఒకదానిలో ఉంటాడు మా పిన్ని కొడుకు. నాలుగంతస్తుల మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల గది. తెనాలిలో మా బాబాయికి పురుగుమందుల కొట్టుంది. కొడుకు బి.టెక్. చదివాడు గదా, ఏ కంపెనీలోనో కుదురుకుంటాడనుకుంటే, వాడు గిటారు పట్టుకుని కృష్ణానగర్ చేరాడు. బాబాయి కోప్పడలేదు. గడువు మాత్రం పెట్టాడు. "సంక్రాంతి దాకా చూస్తాను. అప్పటికి నీ సంపాదనతో నీ గది అద్దె నువ్వు కట్టుకోలేకపోతే వచ్చి కొట్లో కూచో" అన్నాడు.

నేను వాడి గదికి వెళ్ళేసరికి డిసెంబరు మొదటివారం. అప్పటికే వాడికో అవకాశం వచ్చి ఉంది. ఒక సంగీత దర్శకుడి అసిస్టెంటు ఫోన్ చేసి, "నేపథ్య సంగీతం ముక్క పంపుతున్నాను, నిమిషంన్నర ఉంటుంది. దానిమీద గిటారు వాయించి 20వ తారీకులోగా పంపు. బాగుంటే పని ఇస్తాం" అన్నాడట.

"వాయించావురా?" అన్నాను.

"లేదన్నయ్యా. ఇంకా ఆంప్ తేలలేదు!"

గదిలో రెండొందల పెట్టెలు

ఆంప్ అంటే ఏమిటో తెలియాలంటే ముందు గిటారు సంగతి చెప్పుకోవాలి. మామూలు గిటారుకి బోలు కడుపు ఉంటుంది. నాదం అందులోంచి వస్తుంది. ఎలక్ట్రిక్ గిటారుకి ఆ కడుపు ఉండదు, సాధారణంగా అదొక చెక్క దిమ్మ. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. పైన తీగ కంపిస్తే కింద చీమంత కరెంటు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరులోంచి వినిపించే పెట్టే ఆంప్లిఫయరు. గిటారు వాయించేవాళ్ళు ముద్దుగా 'ఆంప్' అంటారు. గిటారుకి అసలు గొంతు ఆ పెట్టెలోనే ఉంది.

కానీ కృష్ణానగర్ గదిలో ఆంప్ పెట్టి వాయించడం ఎలా? కిందివాటాలో ఓనరుగారున్నారు. "రాత్రి తొమ్మిది దాటాక చప్పుడు వినిపిస్తే అడ్వాన్సు తిరిగిచ్చేస్తాను" అని ముందే చెప్పేశారు. పాతకాలం వాల్వు ఆంపులకి ఇంకో చిక్కుంది. గట్టిగా మోగిస్తేగాని వాటి అసలు రంగు బయటపడదు!

అందుకని వచ్చినవే ఆంప్ సిమ్యులేటర్లు. ఇవి కంప్యూటరు ప్రోగ్రాములు. గిటారు వైరుని ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బాకి గుచ్చి, ఆ డబ్బాని కంప్యూటరుకి కలుపుతారు. ఇదే గిటారుని ఫలానా ఆంప్‌కి తగిలించి, ఫలానా స్పీకరు ముందు ఫలానా మైకు పెట్టి రికార్డు చేస్తే ఎలా ఉండేదో, ప్రోగ్రాము క్షణంలో లెక్కకట్టి హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. కింద ఓనరుగారికి మాత్రం తీగల టింగు టింగు కూడా సరిగ్గా వినపడదు.

మన భాషలో చెప్పాలంటే ఇది డూప్ వ్యవహారం! హీరోగారు మేడ మీంచి దూకారని మనం ఈలలు వేస్తాం. దూకినవాడు వేరు. కెమెరా మరీ దగ్గరికి వెళ్ళకపోతే తేడా ఎవరికీ తెలియదు.

ఇంతకీ మావాడి చిక్కేమిటంటే, డూపులు మరీ ఎక్కువైపోవడం. ఇటలీవాళ్ళ ఆంప్లిట్యూబ్, బెర్లిన్‌వాళ్ళ గిటార్ రిగ్, అమెరికావాళ్ళ హెలిక్స్ నేటివ్, ఫిన్లాండ్‌లోని న్యూరల్ డిఎస్పీవాళ్ళ రకరకాల ప్రోగ్రాములు... కొన్నిటిలో ఆంపులే పదుల కొద్దీ ఉన్నాయి. ఒక్కో ఆంప్‌కీ మార్చుకోవడానికి స్పీకర్లు, మైకులు, ఎకో పెట్టెలు. కొన్నిటిని కొన్నాళ్ళపాటు ఉచితంగా వాడి చూడనిస్తారు. న్యూరల్ డిఎస్పీవాళ్ళయితే పద్నాలుగు రోజులు ఇస్తారు. మావాడు ఒకదాని గడువు తీరగానే ఇంకోటి దించుకుంటూ, రాత్రి రెండింటిదాకా ముళ్ళు తిప్పుతూ కూచుంటున్నాడు. ఒకటి బాగుంది గాని బొంగురెక్కువ. ఇంకోటి మెత్తగా ఉంది గాని పదును లేదు. నెలరోజుల్లో పూర్తిగా రికార్డు చేసిన పాట మాత్రం ఒక్కటీ లేదు!

తప్పులోంచి పుట్టిన నాదం

ఈ పెట్టెల చరిత్ర చిత్రమైంది. ఆంప్లిఫయరు తయారుచేసినవాళ్ళ ఉద్దేశం, చేతిలో పుట్టిన నాదాన్ని ఉన్నదున్నట్టు పెంచడమే. మోతాదు మించి పెంచితే నాదం చిట్లి బొంగురుపోతుంది. ఇంజనీర్ల లెక్కలో అది దోషం. గిటారు కుర్రాళ్ళకేమో అదే నచ్చింది! 1958లో లింక్ రే అనే అమెరికన్ గిటారిస్టు 'రంబుల్' రికార్డు కోసం స్పీకరు అట్టకి పెన్సిలుతో బెజ్జాలు పొడిచాడు. 1964లో లండన్ 'కింక్స్' బృందంలోని డేవ్ డేవిస్ స్పీకరుని బ్లేడుతో కోసేశాడు. ఆ చిరుగు మోతతోనే వాళ్ళ పాట ఊళ్ళేలింది.

లండన్ పడమటి వైపు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టారికి సంగీత పరికరాల కొట్టుండేది. కొట్టుకొచ్చే కుర్రాళ్ళు గట్టి ఆంప్ కావాలని పోరుపెడితే, అమెరికా ఫెండర్ కంపెనీవాళ్ళ బాస్‌మన్ ఆంప్‌ని నమూనాగా పెట్టుకుని 1962లో తన కుర్రాళ్ళతో ఒకటి తయారుచేయించాడు. అదే మార్షల్ ఆంప్‌కి తొలి మెట్టు. ఇవాళ దాదాపు ప్రతి సిమ్యులేటరులోనూ ఆ వంశంవాడొకడు వేషం కట్టి ఉంటాడు.

పెట్టె లేకుండా పెట్టె మోత తెప్పించే ప్రయత్నాలు కూడా పాతవే. 1982లో టామ్ షోల్జ్ నడుముకి తగిలించుకునే రాక్‌మన్ తెచ్చాడు. 1998లో లైన్ 6 కంపెనీ చిక్కుడుగింజ ఆకారంలో పాడ్ అనే ఎర్రటి పరికరం తెచ్చింది. 2002లో ఆంప్లిట్యూబ్, 2004లో గిటార్ రిగ్ వచ్చి, వేరే పరికరం అక్కర్లేకుండా అంతా కంప్యూటరులోకి దించేశాయి.

ఇదంతా మావాడికి కంఠతా వచ్చు. నేనొక్క ప్రశ్న వేశాను.

"ఇవన్నీ దేనికి డూపులో ఆ అసలు పెట్టెని, వాల్వులున్నదాన్ని, ఎప్పుడైనా ఎదురుగా కూచుని విన్నావురా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. కాలేజీ ఫంక్షన్లో దూరం నుంచి విన్నాడట. ఒకే గదిలో ఎప్పుడూ వినలేదు. అసలు హీరోని చూడకుండా డూపులకి పరీక్ష పెడుతున్నాడన్నమాట!

నాకు ఆ వారంలోనే చెన్నైలో పనుంది. పాటలన్నీ మద్రాసులో రికార్డయ్యే రోజుల్లో ఎలక్ట్రిక్ గిటారు వాయించిన ఒక పెద్దాయనతో మాట్లాడి వ్యాసం రాయాలి. ఆయన దగ్గర పాత వాల్వు ఆంప్ ఇంకా ఉందని విన్నాను. "పద, నాతో రా" అన్నాను.

రైల్లో పరీక్ష

నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వీపున గిటారు, సంచిలో లాప్‌టాపు, ఇంటర్‌ఫేస్, స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చిన మైకు. కాజీపేట దాటాక వాడు నా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, "అన్నయ్యా, రెండు టోన్లు వినిపిస్తాను. ఏది బాగుందో చెప్పు" అన్నాడు.

విన్నాను. రెండోది బ్రహ్మాండంగా ఉందన్నాను. వాడూ అదే అనుకుంటున్నాడట. ఖమ్మం వచ్చేసరికి ఏదో అనుమానమొచ్చి మీటరు చూశాడు. రెండోది మూడు డెసిబెళ్ళు గట్టిగా మోగుతోంది! రెండింటి మోతా సమానం చేసి మళ్ళీ వినిపించాడు. ఈసారి నాకు తేడా పట్టుకోవడం కష్టమైంది. వాడు కళ్ళు మూసుకుని, నన్ను మీట నొక్కమని, పదిసార్లు విన్నాడు. ఆరుసార్లు తప్పు చెప్పాడు.

"నెలరోజుల్నించీ నేను వింటున్నది టోను కాదన్నయ్యా, వాల్యూము!" అన్నాడు నీరసంగా. మధిర దాటినా వాడికి నిద్రపట్టలేదు.

వంతెన దాటాక

మద్రాసు పేరు 1996లో చెన్నైగా మారినా తెలుగు సినిమా జ్ఞాపకాల్లో అది మద్రాసే. మెట్రోలో వడపళని స్టేషన్లో దిగి నడుస్తుంటే, ఎన్నో తెలుగు సినిమాల టైటిల్స్‌లో చూసిన పేర్లు కాళ్ళకి తగిలాయి. 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీసిన వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, అద్దాల మాల్ ఉన్నాయి. మాల్ పేరులో మాత్రం 'విజయా' అన్నమాట మిగిలింది. ఎస్.వి.ఆర్. గారు గద పట్టుకు తిరిగిన చోట కుర్రకారు పాప్‌కార్న్ పట్టుకు తిరుగుతోంది!

కోడంబాకం అంతా జ్ఞాపకాల కుప్పేనా అంటే కాదు. మన గృహ రికార్డింగు కథలో ముఖ్యమైన అధ్యాయం ఇక్కడే జరిగింది. 1989లో ఎ.ఆర్.రెహమాన్ ఇక్కడే తన ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో వచ్చిన 'రోజా' పాటలు ఆ పెరటి గదిలో తయారైనవే. 2021లో ఇళయరాజా గారు తమ సొంత స్టూడియో తెరిచింది కూడా కోడంబాకంలోనే. "పెరట్లోంచి రోజా వచ్చింది, మేడమీంచి నువ్వు కనీసం బంతిపువ్వు పుట్టించరా" అన్నాను. వాడు నవ్వలేదు. గడువు గుర్తొచ్చినట్టుంది.

మాస్టారి పెట్టె

మాస్టారి ఇల్లు వడపళని మురుగన్ కోవెలకి దగ్గర్లో, రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిన సందులో ఉంది. పేరు వేయొద్దన్నారు కాబట్టి మాస్టారనే అంటాను. రాజమండ్రి నుంచి ఇరవయ్యో ఏట వచ్చి యాభైయేళ్ళు దాటింది. తెలుగు గోదావరిదే గాని మాట చివర అరవం తొంగిచూస్తుంది.

"ఆ రోజుల్లో పాటంటే అందరం ఒక్కసారే వాయించాలి. వయొలిన్లు, తబలా, ఢోలక్, ఫ్లూటు, గాజుగదిలో పాడేవాళ్ళు. ఎవరు ఒక్క స్వరం తప్పినా మళ్ళీ మొదట్నించీ! ముప్ఫై మంది మనకేసి చూస్తారు చూడండి... ఆ చూపు కంటే పెద్ద గురువు లేడు."

ఆయన ఆంప్ గది మూలలో దుప్పటి కప్పుకుని ఉంది. ఏ కంపెనీ పేరూ లేదు. విదేశీ సరుకు మీద సుంకాలు మండిపోయే కాలం అది. అందుకని రిచీ స్ట్రీట్ దగ్గర ఒక రేడియో మెకానిక్కు చేత 1974లో చేయించుకున్నారట. బెంగళూరు బి.ఇ.ఎల్. వాళ్ళు అప్పట్లో రేడియో వాల్వులు తయారుచేసేవారు. అందులో ఉన్నవి అవే. చివర మోత పుట్టించేవి ఇ.ఎల్.84 రకం రెండు. మహా అయితే పదిహేను వాట్లు. టేకు చెక్క పెట్టె, పన్నెండంగుళాల స్పీకరు.

మాస్టారు స్విచ్చి వేశారు. వెంటనే ఏమీ వినపడలేదు. వాల్వులు వేడెక్కాలి. నెమ్మదిగా వెనకవైపు నారింజరంగు వెలుగు, దాంతోపాటు సన్నని 'హుం' మోత. పాత పెట్టెకదా, కరెంటుతోపాటు దాని గుణగుణ కూడా వచ్చింది.

"వాయించు బాబూ."

మావాడు తన గదిలో రోజూ వాయించే ముక్కే మొదలుపెట్టాడు. నాలుగు స్వరాలకే ఆగిపోయాడు. మెల్లగా మీటితే నాదం గాజుముక్కలా శుభ్రంగా ఉంది. గట్టిగా మీటితే అదే పెట్టె, అదే ముల్లు, బొంగురు గొంతుతో అరిచింది. మధ్యలో ఎంత బలంతో మీటితే అంత బొంగురు. ముళ్ళు తిప్పి తెచ్చుకుంటాననుకున్నది వేలి కొసలో ఉంది!

"నేను గెయిను మరీ ఎక్కువ పెడుతున్నాను అన్నయ్యా. ఎలా మీటినా ఒకేలా మోగేది అందుకే" అన్నాడు. వాడి మొహంలో నెలరోజుల తర్వాత మొదటిసారి వెలుగు చూశాను.

కాఫీలు వచ్చాయి. మాస్టారు లాప్‌టాపుకేసి చూసి అడిగారు.

"ఇందులో ఎన్ని ఆంపులున్నాయి బాబూ?"

"రెండొందల దాకా ఉంటాయి మాస్టారూ."

"మరి ఆ నిమిషంన్నర ముక్క వాయించేశావా?"

"ఆంప్ తేలాక వాయిద్దామని..."

"అంటే, ఏ ఆంప్‌లో వాయిస్తే ఆ మోతే రికార్డయిపోతుందా? తర్వాత మార్చడానికి వీల్లేదా?"

"వీలుంది మాస్టారూ. కంప్యూటరులో రికార్డయ్యేది ఉట్టి గిటారు తీగ మోతే. ఆంప్ పైన కప్పే రంగు. రేపైనా మార్చొచ్చు, ఏడాది తర్వాతైనా మార్చొచ్చు."

మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మార్చుకోగలిగినదాని కోసం ఆగి, మార్చలేనిదాన్ని ఆపేశావా నాయనా! మాకా వీలుంటే ఎంత బాగుండేది. మేం టోను ముందే తేల్చుకు చావాలి. నీకు వాయించడం ఒక్కటే పని గదా!"

మావాడు మాట్లాడలేదు. అక్కడే, నేల మీద కూచుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ముక్క వాయించడం మొదలుపెట్టాడు. స్క్రీన్ మీద మొదట ఏ ఆంప్ కనిపిస్తే అది పెట్టుకున్నాడు. పదకొండు టేకులు. తాళం జారిన చోటల్లా మాస్టారు ముప్ఫై మంది చూపులూ కలిపి ఒక్క చూపు చూశారు. పన్నెండోది ఆయనకి నచ్చింది.

మూడు నిమిషాల చప్పుడు

సాయంత్రం మావాడికి ఒక ఆలోచన వచ్చింది. స్టీవెన్ ఆట్కిన్సన్ అనే ఆయన తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ప్రోగ్రామొకటుంది, పేరు న్యూరల్ ఆంప్ మోడలర్. అందులో ఆంపులు కొనుక్కోవడం కాదు, మన ఎదుట ఉన్న ఆంప్‌నే అచ్చు తీసుకోవచ్చు. దానికో పరీక్ష శబ్దం ఉంటుంది, సుమారు మూడు నిమిషాలు. ఆ శబ్దాన్ని అసలు ఆంప్‌లోకి పంపి, బయటికొచ్చినదాన్ని మైకుతో పట్టి రెండూ ఇస్తే, కంప్యూటరు వాటిని పోల్చి పోల్చి ఆంప్ గుణం నేర్చుకుంటుంది.

మైకు స్పీకరు నడిబొడ్డుకి ఎదురుగా పెడితే మోత చురుక్కుమంది, అంచుకి జరిపితే మందగించింది. రెండు వేళ్ళ ఎడంలో మొత్తం రంగు మారిపోతోంది! నడిమి చోటు చూసి ఆపారు. "స్పీకరు వైరు మాత్రం ఊడదీయకు. వాల్వు ఆంప్‌ని స్పీకరు లేకుండా మోగిస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది" అని మాస్టారు హెచ్చరించారు.

తర్వాత మొదలైంది మూడు నిమిషాల గోల. కీచుమనే ఈలలు, బుసలు, పటపటలు, మధ్యలో గిటారు ముక్కలు. ఎదురింటాయన పరుగున వచ్చి తలుపు కొట్టాడు. టీవీ పేలిందనుకున్నాడట! మాస్టారు తమిళంలో ఏదో చెప్పి పంపేశారు. "ఏం చెప్పారు?" అంటే, "కొత్త మ్యూజిక్ డైరెక్టరు ట్యూను వినిపిస్తున్నాడన్నాను" అన్నారు.

ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరుకి పంపితే పావుగంటలో ఫైలు తయారై వచ్చింది. హెడ్‌ఫోన్ మాస్టారి చెవులకి పెట్టి, పొద్దున వాయించిన పన్నెండో టేకుని ఆ ఫైలులోంచి వినిపించాడు. ఆయన కాసేపు విని, మూలనున్న పెట్టెకేసి చూశారు. స్విచ్చి ఆపేసి ఉంది.

"హుం మోత తప్ప అంతా దిగిందే!" అన్నారు.

అయితే దీనికీ హద్దుంది. ముళ్ళు ఏ స్థానంలో ఉన్నప్పుడు అచ్చు తీశామో ఆ ఒక్క గొంతే దిగుతుంది. ఇంకో గొంతు కావాలంటే ఇంకో అచ్చు. ఫొటో తీసినట్టే, నవ్వినప్పుడు తీస్తే నవ్వే ఉంటుంది.

మళ్ళీ కృష్ణానగర్

తిరిగి వచ్చాక వాడు ఆ ముక్కని మాస్టారి పెట్టె గొంతుతో అలంకరించి, రెండు రోజులు ముందుగానే పంపాడు. మర్నాడు జవాబొచ్చింది. "వాయించింది బాగుంది. ఆంప్ లేని ఉట్టి ఫైలు పంపు. టోను మేం ఇక్కడ పెట్టుకుంటాం."

మావాడు పూటంతా మొహం ముడుచుకు కూచున్నాడు. నెలరోజులు దేనికోసం నిద్ర మానాడో దాన్ని వాళ్ళు ఒక్క ముక్కలో పక్కకి నెట్టేశారు! మాస్టారికి ఫోన్ చేసి చెబితే ఆయన పకపకా నవ్వి, "చేయి నచ్చిందిగా! చేతిని ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు" అన్నారు. ఆ నెలలో ఇంకో రెండు ముక్కలు వచ్చాయి. డబ్బు పెద్దదేం కాదు, జనవరి అద్దెకి సరిపోగా కొంచెం మిగిలింది. సంక్రాంతికి తెనాలి వెళితే బాబాయి అరిసెల పళ్ళెం ముందుకు తోసి, "అద్దె కట్టావట గదా" అని మాత్రం అన్నాడు. అంతకంటే పొగడడం మా బాబాయికి చేతగాదు.

మీలోనూ గిటారు పట్టుకుని గదుల్లో కూచున్నవాళ్ళుంటారు. మావాడు తిన్న దెబ్బలతో నేర్చుకున్నది మీకు చెబుతాను. మొదట డబ్బు పెట్టకండి. న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితం. గిటార్ రిగ్, ఆంప్లిట్యూబ్ వాళ్ళవి చిన్న ఉచిత కూర్పులున్నాయి. వాటితో ఒక పాట పూర్తి చేయండి. ఇంటర్‌ఫేస్ మీద 'ఇన్‌స్ట్రుమెంట్' మీట నొక్కడం మరవకండి, లేకపోతే ఏ ఆంప్ పెట్టినా గిటారు జలుబు చేసినట్టుంటుంది. కంప్యూటరులో బఫర్ 128 పెడితే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లు, రానూపోనూ దానికి రెట్టింపు పైచిలుకు. భయపడకండి. ఆంప్‌కి ఆరడుగుల దూరంలో కూచున్నా నాదం చెవికి చేరడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. స్పీకరు అచ్చు లేకుండా ఉట్టి ఆంప్ వింటే కందిరీగల తుట్టె కదిపినట్టుంటుంది. స్పీకరుతో సహా తీసిన అచ్చు మీద మళ్ళీ స్పీకరు పెడితే దుప్పటి కప్పినట్టుంటుంది. రెండు ఆంపుల్ని పోల్చేటప్పుడు మోత సమానం చేసి, కళ్ళు మూసుకుని వినండి. ఒంటరిగా విన్నప్పుడు బ్రహ్మాండంగా ఉన్న టోను, డప్పులూ గొంతులూ కలిశాక మునిగిపోవచ్చు. అందుచేత పాటలో పెట్టే వినండి. అన్నిటికంటే ముందు, ఉట్టి తీగ మోతని భద్రంగా దాచుకోండి. రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

మొన్న కృష్ణానగర్ వెళితే వాడి బల్ల మీద చిన్న అట్టపెట్టె కనిపించింది. "మళ్ళీ ఏం సాఫ్ట్‌వేర్ కొన్నావురా?" అన్నాను.

సాఫ్ట్‌వేర్ కాదు. మాస్టారి ఆంప్‌లో ఒక వాల్వు పోయిందట. బి.ఇ.ఎల్. వాల్వులు ఇప్పుడెక్కడ దొరుకుతాయి? స్లొవేకియా దేశంలో మాత్రం ఆ రకం ఇంకా తయారవుతోంది. రెండు తెప్పించాడు.

"కొత్త వాల్వులు పెడితే గొంతు కాస్త మారుతుందేమోనన్నయ్యా" అన్నాడు వాడు, గుడ్లని పట్టుకున్నట్టు వాటిని జాగ్రత్తగా పట్టుకుని. "ఫరవాలేదు. పాతగొంతు నా దగ్గరుంది. వచ్చే ఆదివారం వెళ్ళి ఇవి బిగించి, కొత్తగొంతు కూడా అచ్చు తీసుకొస్తాను."

టికెట్ కూడా కొనేశాడు. చార్మినార్‌కే!